ఐపైథాన్‌లో (టెర్మినల్‌లో పైథాన్ లైన్లు కొట్టి అక్కడికక్కడే నడిపే సాధనం) పాత కమాండ్ వెతకడానికి ఏది మేలు: పై బాణమా, కంట్రోల్-ఆరా, పాత లైన్లలో ముక్క వెతికే %హిస్ట్ -జీ (%hist -g) కమాండా?

లైను ఎలా మొదలైందో గుర్తుంటే పై బాణమే మేలు. 'డీఎఫ్.జీ' అని కొట్టి పై బాణం నొక్కితే ఆ అక్షరాలతో మొదలైన పాత లైన్లే ఒక్కొక్కటిగా వస్తాయి, 'డీఎఫ్.గ్రూప్‌బై' లైను రెండు మూడు నొక్కుల్లో దొరికిపోతుంది. రాకపోతే కారణం చాలావరకు చిన్నదే. ట్యాబ్ కొట్టినప్పుడు తెరుచుకున్న మెనూ ఇంకా ఉంటే బాణం అందులోనే తిరుగుతుంది. కర్సర్ నాలుగు లైన్ల ఫంక్షన్ మధ్యలో ఉంటే ముందు పై లైనుకి ఎక్కుతుంది, మొదటి లైనులో ఉంటేనే హిస్టరీలోకి, అంటే పాత లైన్ల జాబితాలోకి వెళ్తుంది.

మధ్యలో ముక్క మాత్రమే గుర్తుంటే కంట్రోల్-ఆర్. నొక్కి ముక్క కొట్టాలి, మళ్ళీ మళ్ళీ నొక్కితే ఇంకా పాతవి వస్తాయి, వద్దనుకుంటే కంట్రోల్-జీ. బాష్ (లినక్స్ టెర్మినల్‌లో కమాండ్లు నడిపే షెల్) అలవాటున్నవాళ్ళు ఇక్కడ తడబడతారు: బాష్‌లో లైను దొరికాక ఎంటర్ కొడితే వెంటనే నడిచిపోతుంది, ఐపైథాన్‌లో మొదటి ఎంటర్ వెతుకులాటను ముగిస్తుందంతే, నడపాలంటే ఇంకోసారి కొట్టాలి. ఐపైథాన్ పద్ధతే నయం, ఫైళ్ళు చెరిపే లైను పొరపాటున నడవదు.

కంట్రోల్-ఆర్ నొక్కగానే కింద వెతుకులాట పట్టీ కనబడకపోతే కీ ఐపైథాన్ దాకా రాలేదన్నమాట. బ్రౌజర్‌లో తెరిచిన టెర్మినల్ అయితే పేజీయే రీలోడ్ కావచ్చు. మామూలు టెర్మినల్‌లో క్యాట్ (cat, కొట్టింది తెరపై చూపే కమాండ్) నడిపి అదే కీ నొక్కండి. టోపీ గుర్తుతో ఆర్ (^R) పడితే కీ వస్తోంది, పడకపోతే టెర్మినల్ షార్ట్‌కట్ల సెట్టింగ్ చూడాలి. ముందుకు వెతకబోయి బాష్‌లో కంట్రోల్-ఎస్ నొక్కితే తెర బిగుసుకుపోవడం వేరే గొడవ. కంట్రోల్-క్యూతో వదులుతుంది, 'ఎస్‌టీటీవై -ఇక్సాన్' (stty -ixon) అని ఇస్తే ఆ సెషన్‌లో మళ్ళీ రాదు.

పట్టీ వచ్చి కూడా లైను దొరక్కపోతే? పై బాణం, కంట్రోల్-ఆర్ రెండూ వెతికేది ఒకే సంచిలో. మొదలయ్యేటప్పుడు ఐపైథాన్ చివరి 1000 ఎంట్రీలే ఎక్కించుకుంటుంది. హిస్టరీ లోడ్ లెంగ్త్ సెట్టింగ్‌ని 5000 చేస్తే సంచి పెద్దదవుతుంది. పక్క విండోలో ఇప్పుడే కొట్టిన లైను మాత్రం అప్పుడూ కనబడదు.

అక్కడే %హిస్ట్ -జీ గెలుస్తుంది. అది నేరుగా ఐపైథాన్ హిస్టరీ దాచుకునే ఎస్‌క్యూలైట్ డేటాబేస్ ఫైలులో వెతుకుతుంది, అన్ని సెషన్లూ అందులోనే ఉంటాయి. '%హిస్ట్ -యూ -జీ గ్రూప్‌బై' అంటే ఒకే లైను పదిసార్లు రాదు. ఇలా వెతికితే 243/7 లాంటి సంఖ్య (243వ సెషన్‌లో 7వ లైను) పక్కన లైను వస్తుంది, '%రీకాల్ 243/7' అంటే అది తర్వాతి ప్రాంప్ట్‌లోకి దిగుతుంది. %హిస్ట్ -జీ ఇంగ్లీషు పెద్దక్షరం చిన్నక్షరం తేడా చూస్తుంది. చదరపు బ్రాకెట్ ఉన్న ముక్క కొడితే అస్సలు దొరకదు, ఎందుకంటే బ్రాకెట్ లోపలివాటిలో ఏదో ఒక్క అక్షరం అని అర్థం చేసుకుంటుంది. బ్రాకెట్ల చోట ప్రశ్నార్థకం పెట్టాలి.