350 రూపాయల మల్టీమీటర్: నాలుగేళ్ల వాడకం తర్వాత

వోల్టులు, నిరోధం లాంటివి కొలిచే ఈ పసుపుపచ్చ మల్టీమీటర్‌ను 2021లో నల్లగొండ ప్రకాశం బజారులో 350 రూపాయలకు కొన్నాను. అప్పటికి ఏడాదిన్నరలోనే బండికి రెండు బ్యాటరీలు మార్చాను. ఉద్యోగం దేవరకొండలో, రోజూ బండి మీదే రాకపోకలు. నెలకోసారైనా పొద్దున్నే సెల్ఫ్ నొక్కితే ‘టక్’మని ఊరుకునేది. ఎక్కడ చూపించినా ఒకటే మాట: ‘‘బ్యాటరీ పోయింది సార్.’’ పోయిన మాట నిజమే. ఎందుకు పోతోందో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మీటరు కొన్న రోజు సాయంత్రమే సగం సంగతి తేలింది. కొన్ని గంటలు నిలిపి ఉంచిన బండిలో నిండా ఛార్జైన మంచి బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. నాది 12.2. స్టార్ట్ చేసి రేసు ఇస్తే 14కు అటూ ఇటూ చేరాలి. నాది 12.8 దగ్గరే ఆగింది. 2017 ఏప్రిల్ తర్వాతి బండ్లకు హెడ్‌లైట్ ఆర్పే స్విచ్చు లేదు కదా, పట్టపగలు కూడా ఖర్చు తప్పదు. రాబడి చాలక బ్యాటరీ అప్పుల పాలవుతోందన్నమాట.

ఇంజిన్ తిరిగితే కరెంటు పుట్టించేది కాయిల్, దాన్ని బ్యాటరీకి సరిపడేలా మార్చి పంపేది రెగ్యులేటర్. రెగ్యులేటర్ మార్చాలని ఒక మెకానిక్, కాయిల్ మార్చాలని ఇంకొకరు చెప్పారు. ముందు కాయిల్ చూశాను. కాయిల్ వైపు కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) విప్పి, మీటరును ఏసీ 200 వోల్టుల దగ్గర పెట్టి, కాయిల్ నుంచి వచ్చే మూడు పసుపు వైర్లను రెండేసి చొప్పున తాకించాను. రేసు ఒకేలా ఉంచితే మూడు జతలూ దాదాపు ఒకే అంకె చూపాలి. చూపాయి. రెండు చోట్ల మధ్య కరెంటుకు దారి ఉంటే మీటరు బీప్‌మంటుంది; ఇంజిన్ ఆపాక ఏ పసుపు వైరుకూ బాడీకీ మధ్య ఆ బీప్ రాకూడదు. రాలేదు. కాయిల్ నిర్దోషి.

కప్లర్ మళ్లీ బిగించి, ఇంజిన్ నడుస్తుండగా మీటరు ఎర్ర ప్రోబును (తాకించే పుల్లను) రెగ్యులేటర్ ప్లస్ వైరు మీద, నల్లదాన్ని బ్యాటరీ ప్లస్ మీద పెట్టాను. ఒకే దారికి రెండు కొసలు కాబట్టి తేడా సున్నాకు దగ్గరగా ఉండాలి. 1.3 వోల్టులు వచ్చింది. రెగ్యులేటర్ 14 ఇస్తూనే ఉంది, దారిలోనే దోపిడీ జరుగుతోంది. ఆ దారిలోని కప్లర్ ఊడదీస్తే లోపలి పిన్ను గోధుమరంగుకు తిరిగింది, చుట్టూ ప్లాస్టిక్ బెల్లం పాకంలా సాగి గడ్డకట్టింది. కొత్త పిన్ను వేయించడానికి 60 రూపాయలైంది. మీటరులో 14.1. పాత బ్యాటరీనే ఛార్జింగ్ పెట్టించి తెచ్చుకుంటే ఇంకో మూడేళ్లు నడిచింది.

లోపాలూ ఉన్నాయి. ప్రోబుల వైరు మరీ సన్నం, రెండో ఏడాదికే పిడి దగ్గర తెగింది. రెండు మొనలూ ఒకదానికొకటి ఆనిస్తే నిరోధం సున్నా రావాల్సింది, 0.4 ఓములు చూపిస్తుంది. కాయిల్ నిరోధం చాలా బండ్లలో ఒక ఓము లోపే కాబట్టి ఆ 0.4 తీసేసి లెక్క చూసుకోవాలి, అప్పుడూ పూర్తిగా నమ్మలేం. కరెంటు కొలవడానికి వైరు గుచ్చే 10 ఆంపియర్ల రంధ్రానికి ఫ్యూజు లేదు. ఒకసారి ఎర్ర వైరును అందులోనే మరిచి బ్యాటరీకి తాకించాను. చిటుక్కున నిప్పురవ్వ లేచి ప్రోబు మొన కరిగింది. తప్పు నాదే, అయినా ఇంత చిన్న తప్పును కాచుకోలేని మీటరు నాకు నచ్చదు.

అన్నిటికన్నా పెద్ద దెబ్బ 2023 వేసవిలో తగిలింది. నాగార్జునసాగర్ ప్రయాణానికి ముందు రోజు చూస్తే 16.1 వోల్టులు! బ్యాటరీ ఉడికిపోతుందని కంగారుపడి 1,100 పెట్టి కొత్త రెగ్యులేటర్ కొన్నాను. బిగించే ముందు పెద్దాయన మెకానిక్ తన మీటరు పెట్టి చూశాడు. 14.2. ‘‘బండికేం కాలేదు సార్, మీ మీటరులో సెల్లు మార్చండి’’ అన్నాడు. లోపలి 9 వోల్టుల సెల్లు నీరసిస్తే ఈ రకం మీటర్లు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తాయట. ఇప్పుడు బండి జోలికి వెళ్లే ముందు కొత్త పెన్సిల్ సెల్లు మీద తాకిస్తాను. 1.6 దగ్గర ఉంటే సరే, 1.9 అంటే మీటరు అబద్ధమాడుతున్నట్టే.

మళ్లీ కొంటే రెండు వందలు ఎక్కువ పెట్టి, సెల్లు తగ్గినప్పుడు తెరమీద గుర్తు చూపించేది తీసుకుంటాను. ఆ రెగ్యులేటర్‌ను దుకాణం వాళ్లు వాపసు తీసుకోలేదు. అట్టపెట్టెతో సహా బీరువా మీదే ఉంది.