లావెండర్ ఫేస్ ఆయిల్: ఏడు నెలలు వాడాక నా రివ్యూ

ఇంట్లో తయారుచేసి అమ్మే ఒక చిన్న బ్రాండ్ వాళ్ళ దగ్గర తీసుకున్నా, 30 ఎంఎల్ సీసా, పేరు రాయట్లేదు. మొదటి రెండు మూడు నెలలు నిజంగా చాలా నచ్చింది, రాత్రి పడుకునేముందు నాలుగు చుక్కలు మొహానికీ మెడకీ రాసుకుంటే ఆ వాసనకే ప్రాణం హాయిగా ఉండేది, పొద్దున చర్మం మెత్తగా ఉండేది, కాకపోతే ఆ మెత్తదనం అందులో కలిపిన బాదం నూనెదే అని నా నమ్మకం. మొటిమలు తగ్గుతాయని లేబుల్ మీద రాశారు, నాకైతే ఒక్కటీ తగ్గలేదు.

లావెండర్‌కి ఆ వాసన ఎక్కువగా లినలూల్ అనే సువాసన పదార్థం వల్ల వస్తుంది. మన ధనియాల నూనెలో కూడా సగానికి పైగా అదే. తాజాగా ఉన్నంతవరకు చాలామందికి ఏమీ చెయ్యదు, గాలి తగిలి ఆక్సిడైజ్ అయితేనే సమస్య, అప్పుడు పుట్టే హైడ్రోపెరాక్సైడ్లు అనే పదార్థాలే ఎలర్జీ తెప్పిస్తాయి.

నా సీసా మూత సరిగ్గా బిగిసేది కాదు, డ్రాపర్ చుట్టూ నూనె జిగురులా అంటుకుని ఉండేది, పైగా నేను దాన్ని ఎండ పడే కిటికీ గట్టు మీదే పెట్టేదాన్ని. ఆరో నెలకి వాసన కాస్త ఘాటుగా మారింది, అయినా డబ్బులు పెట్టి కొన్నాం కదా అని వాడేశా. ఇంకో నెల తిరిగేసరికి మెడ పక్కన ఎర్రగా దద్దుర్లు, రాత్రంతా దురద. స్కిన్ డాక్టర్ గారు వీపు మీద ప్యాచ్ టెస్ట్ పెట్టారు, అంటే ఏది పడట్లేదో తెలియడానికి అనుమానం ఉన్న పదార్థాలు కొంచెం కొంచెం అంటించి చూడటం, రెండు రోజులు వీపు తడవకుండా ఉండి తర్వాత తీయించుకుంటే, ఆక్సిడైజ్ అయిన లినలూల్ పెట్టిన చోట ఎర్రగా పొంగింది. ఒకసారి ఇలా పడకుండా పోతే మామూలుగా జీవితాంతం పడదంట, ఇక షాంపూ, సబ్బు, బట్టల కండిషనర్ అన్నీ లేబుల్ చదివే కొనాలి.

నాకు బాగా బాధేసింది ఏంటంటే, సీసా మీద నూటికి నూరు శాతం నేచురల్ అని పెద్దగా ఉంది గానీ లినలూల్ పేరు లేదు, తెరిచాక ఎన్ని నెలల్లో అయిపోగొట్టాలో కూడా లేదు. యూరప్‌లో రాసి వదిలేసే క్రీముల్లో 0.001 శాతం, కడిగేసే వాటిలో 0.01 శాతం దాటితే లినలూల్ పేరు లేబుల్ మీద వేసి తీరాలి. వాళ్ళకి మెసేజ్ పెడితే మొక్క నుంచి వచ్చింది కదండీ ఏం కాదు అన్నారు.

మీకు లావెండర్ అంత ఇష్టమైతే చిన్న సీసా, ముదురు రంగు గాజుది, మూత గట్టిగా బిగిసేది తీసుకోండి, ముందు మోచేతి లోపలివైపు ఓ వారం రాసి చూడండి, వాసన మారిందంటే పారబోసేయండి. ఎగ్జిమా ఉన్నవాళ్ళు మాత్రం అసలు వద్దు.

5కి 2 ఇస్తున్నా, ఆ రెండూ మొదటి నెలలకి. ఇప్పుడు ఏ వాసనా లేని మాయిశ్చరైజరే రాస్తున్నా, మెడ మీద నల్లమచ్చ ఇంకా పూర్తిగా పోలేదు.