హ్యూయెట్ శిక్షణ: కిటికీ లేని డ్రిల్లు సరిపోదు

కృష్ణా–గోదావరి బేసిన్‌లో సముద్రం మీది చమురు, గ్యాస్ రిగ్గుల మీద పనిచేసేవారికి హ్యూయెట్ సర్టిఫికెట్ లేనిదే హెలికాప్టర్‌లో సీటు దొరకదు. నీట మునిగిన హెలికాప్టర్ నుంచి బయటపడటాన్ని నేర్పే ఈ శిక్షణను నేను ఇటీవల పశ్చిమ తీరంలోని ఒక కేంద్రంలో పూర్తి చేశాను.

ఇంజిన్లు, గేర్‌బాక్సు పైభాగంలోనే ఉండటం వల్ల, నీటిలో దిగిన హెలికాప్టర్ తేలియాడే సంచులు విచ్చుకున్నా అలల తాకిడికి తలకిందులు కావచ్చు. దెబ్బను తట్టుకుని బతికినవారు సైతం ఆ తరవాత క్యాబిన్‌లోనే మునిగి చనిపోవచ్చు. అందుకే ఈ శిక్షణ సారమంతా చేతుల వరుసలోనే ఉంది. ఒక చేతిని కిటికీ అంచు మీద, రెండో చేతిని బెల్టు బకిల్ మీద ఉంచి, క్యాబిన్ తిరగడం పూర్తిగా ఆగేదాకా ఓపిక పట్టి, ముందు కిటికీని తోసేసి, ఆ తరవాతే బెల్టు విప్పాలి. బెల్టు ముందే విప్పితే ఒళ్లు తేలిపోయి, కిటికీని తోయడానికి ఆనుకునే ఆధారం ఉండదు. ముక్కులోకి నీరు ఎక్కి, పైనేదో కిందేదో తెలియనప్పుడు అంచును పట్టుకున్న ఆ చెయ్యే దారి చూపుతుంది. శిక్షకులు దీన్ని ఎంతో ఓర్పుగా నేర్పారు. ఈత రాని మా సహోద్యోగి పక్కన ఒక డైవరు చివరిదాకా ఉన్నాడు.

అయితే నమూనా క్యాబిన్‌ను తలకిందులు చేసిన డ్రిల్లుల్లో కిటికీలు అసలు బిగించనే లేదు. నిటారుగా మునిగినప్పుడు కిటికీని తోయడం తేలికే. తలకిందులుగా వేలాడుతూ తోయడమే కష్టం, సాధన కావలసిందీ అక్కడే. అత్యవసరంగా ఊపిరి పీల్చుకునే పరికరాన్ని కూడా తరగతి గదిలో చూపించి సరిపెట్టారు. 2013 ఆగస్టు 23న షెట్లాండ్ దీవుల్లోని సంబరో దగ్గర సూపర్ ప్యూమా హెలికాప్టర్ సముద్రంలో పడి, అందులోని 18 మందిలో నలుగురు మరణించాక, బ్రిటన్ పౌర విమానయాన సంస్థ ఈ పరికరంలో మెరుగైన రకాన్ని తప్పనిసరి చేసింది. భుజాల వెడల్పు 22 అంగుళాలు దాటినవారిని పెద్ద కిటికీ పక్కనే కూర్చోబెట్టాలని కూడా నిర్దేశించింది. మా భుజాలను ఎవరూ కొలవలేదు. ఇది చలి సముద్రాల గొడవ అని కొట్టిపారేయలేము: 2022 జూన్ 28న ముంబై హై చమురు క్షేత్రం దగ్గర హెలికాప్టర్ సముద్రంలో పడినప్పుడు తొమ్మిది మందిలో నలుగురు ప్రాణాలు కోల్పోయారు.

డబ్బు కంపెనీయే కట్టినా, చేరేముందు తలకిందుల డ్రిల్లులో కిటికీ బిగిస్తారా, ఊపిరి పరికరంతో నీటిలోకి దింపుతారా అని తప్పక అడగండి.