డిజిటల్ శిక్షణ: హాల్లో క్లాసా, వీడియో కోర్సా, సీటు పక్కన కూర్చోవడమా?

రెండు రోజుల ఎక్సెల్ క్లాసు అయిపోయింది. సర్టిఫికెట్లు పంచారు, గ్రూప్ ఫొటో దిగారు. మూడో రోజు పొద్దున్నే స్టోర్స్ సెక్షన్ నుంచి సీనియర్ క్లర్కు ఒకాయన నన్ను పిలిచారు. "సార్, క్లాసులో చెప్పినట్టే వీలుకప్ పెట్టాను. సగం వరసల్లో ఎన్/ఏ అని వస్తోంది."

వీలుకప్ అంటే ఒక ఫైల్లోని కోడ్‌ని ఇంకో ఫైల్లో వెతికి దాని వివరాలు తెచ్చిపెట్టే ఎక్సెల్ ఫార్ములా. కోడ్ దొరక్కపోతే ఎన్/ఏ అని చూపిస్తుంది. వెళ్లి చూస్తే ఫార్ములాలో తప్పేం లేదు. స్టాక్ ఫైల్లో ఐటమ్ కోడ్ 00417 అని ఉంది. ఆయన దాన్నే ఇంకో ఫైల్లో టైప్ చేస్తే, ఎక్సెల్ అది అంకె అనుకుని ముందున్న సున్నాలు తీసేసి 417 చేసిపెట్టింది. మన కంటికి రెండూ ఒకటే సరుకు, ఎక్సెల్‌కి మాత్రం వేరువేరు. కోడ్లు కొట్టేముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా మార్చి ఉంటే ఈ గొడవే లేదు. క్లాసులో వాడిన నమూనా ఫైల్లో కోడ్లన్నీ శుభ్రంగా ఉన్నాయి. అందుకే ఆ సంగతి చెప్పే అవసరం ఎవరికీ రాలేదు.

ఆ క్లాసు పెట్టించింది నేనే కాబట్టి నా మొహం కొంచెం చిన్నబోయింది. అప్పటినుంచీ సిబ్బందికి కంప్యూటర్ పని నేర్పాలన్న మాట వచ్చినప్పుడల్లా మూడు దారులు పక్కపక్కన పెట్టి చూసుకుంటున్నాను. అందర్నీ హాల్లో కూర్చోబెట్టి క్లాసు చెప్పించడం ఒకటి. ఆన్‌లైన్ వీడియో కోర్సుకి లాగిన్‌లు ఇచ్చేయడం రెండోది. పని తెలిసినవాళ్లని పోయి సీటు పక్కన కూర్చోమనడం మూడోది.

క్లాసుకి ఉన్న బలం, అందరికీ ఒకే మాట ఒకేసారి చెప్పగలగడం. వచ్చే సోమవారం నుంచి సెలవు దరఖాస్తులు కొత్త పోర్టల్లోనే పెట్టాలి అన్నప్పుడు దీన్ని మించింది లేదు. ఒకరు అడిగిన డౌటు ఇరవైమందికి పనికొస్తుంది. మోసపు మెయిల్స్ గురించి చెప్పడానికీ ఇదే సరైన చోటు. "మా బ్యాంకు ఖాతా మారింది, ఇకనుంచి డబ్బు దీనికి పంపండి" అని సప్లయర్ పేరుతో మెయిల్ వస్తే, అందులో ఇచ్చిన నంబరుకి కాకుండా మన దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకి ఫోన్ చేసి కనుక్కోవాలి. ఈ మాట అకౌంట్స్ వాళ్లూ, పేమెంట్ తొందరగా చెయ్యండని వాళ్ల వెంటపడే మేనేజర్లూ ఒకే గదిలో ఉండి వినాలి.

మిగతా వాటికి మాత్రం క్లాసు అంతగా ఉపయోగపడదు. ముందు వరసలో కుర్రాడికి పెద్ద పట్టికని క్షణాల్లో మొత్తాలుగా కుదించే పివట్ టేబుల్ కూడా వచ్చు. వెనక కూర్చున్న మేడమ్‌కి కాపీ చేయాలంటే ఇంకా రైట్ క్లిక్కే దిక్కు. చెప్పేవాళ్లు ఈ ఇద్దరికీ మధ్యలో ఎక్కడో పట్టుకుని చెబుతారు. ఒకరికి నిద్ర వస్తుంది, ఇంకొకరికి టెన్షన్ పట్టుకుంటుంది. పైగా మరుపు. హెర్మాన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త తనమీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ఫలితాలు ప్రచురించాడు. అర్థంలేని అక్షరాలు బట్టీపడితే గంట తిరిగేసరికి సగానికి పైగా జారిపోయాయి. ఫార్ములాలు అర్థంలేని అక్షరాలు కావు, నిజమే. కానీ మా స్టోర్స్ ఆయనకి నమూనా ఫైల్లోని 'ఏ బ్రాంచి అమ్మకాలు, బి బ్రాంచి అమ్మకాలు' అంతకంటే గొప్పగా ఏమీ అనిపించలేదు.

ఇక వీడియో కోర్సులు. హార్వర్డ్, ఎంఐటీ యూనివర్సిటీలు ఎడెక్స్ అనే వెబ్‌సైట్‌లో పెట్టిన ఆన్‌లైన్ కోర్సుల లెక్కలతో 2019లో ఒక అధ్యయనం వచ్చింది. 2017-18లో చేరినవాళ్లలో పూర్తి చేసింది నూటికి ముగ్గురే. సర్టిఫికెట్ కోసం డబ్బు కట్టినవాళ్లలో మాత్రం 46 మంది. అంటే ఇష్టంతో చేరినవాళ్లకే కోర్సు చివరిదాకా చూడటం కష్టంగా ఉంది. ఆఫీసులో ఇది తప్పనిసరి కాబట్టి రిపోర్టులో నూటికి నూరూ కనపడతాయి. అదెలా వస్తుందో అందరికీ తెలుసు: ఒక ట్యాబ్‌లో సౌండ్ ఆపేసి రెండింతల స్పీడులో వీడియో, పక్క ట్యాబ్‌లో అసలు పని, క్విజ్ జవాబులు వాట్సాప్ గ్రూపులో. నేనూ ఒకసారి అలాగే పాసయ్యాను.

అలాగని వీడియోని తీసిపారేయలేం. ఇప్పటికే పని వచ్చినవాళ్లకి, అవసరమైనప్పుడు నాలుగు నిమిషాల ముక్క వెతుక్కుని చూసుకోవడానికి అది చక్కగా సరిపోతుంది. ఒకే ఉత్తరాన్ని పేర్లు మార్చి చాలామందికి తయారుచేసే మెయిల్ మెర్జ్‌ని ఏడాదికి రెండుసార్లు వాడే హెచ్ఆర్ మనిషి దాన్ని గుర్తుపెట్టుకోవాల్సిన పనే లేదు, ఎక్కడుందో తెలిస్తే చాలు. కాకపోతే ఆ వీడియోలో కనిపించేది మన ఆఫీసు స్క్రీనే అయితే ఇంకా మేలు.

నా ఓటు మూడోదానికే, సీటు పక్కన కూర్చోవడానికే. జూలియన్ ఆర్ అనే మానవ శాస్త్రవేత్త 1980ల్లో జిరాక్స్ కంపెనీ కాపీయర్ మెకానిక్కుల వెంట తిరిగి గమనించింది ఇదే. మొండికేసిన మిషన్ సంగతి మాన్యువల్లో ఉండేది కాదు. అదివరకు ఎవరికో అలాంటి మిషనే ఎదురైన కథని ఒకరికొకరు చెప్పుకుంటూ దారి కనిపెట్టేవారు. ఆ చిట్కాలన్నీ పోగేయడానికి కంపెనీ తరవాత యురేకా అనే డేటాబేసే పెట్టింది. ఆఫీసు ఫైల్ కూడా అలాంటి మొండి మిషనే. అందులో ఏముందో రోజూ దాంతో పడేవాళ్లకే తెలుసు.

పక్కన కూర్చుంటే ఏ సెక్షన్‌కి ఏం కావాలో కూడా తెలుస్తుంది. 2020లో ఇంగ్లండ్‌లో 15,841 కరోనా పాజిటివ్ కేసులు వారం రోజులపాటు లెక్కలో చేరలేదు. కారణం, పాత ఎక్సెల్ ఫార్మాట్ వాడటం. దాని షీటులో 65,536 వరసలే పడతాయి, మిగిలినవి కత్తిరించుకుపోయాయి. కొత్త ఫార్మాట్‌లో 10,48,576 పడతాయి. ఇలాంటి పని చేసేవాళ్లకి కావలసింది కొత్త ఫార్ములా కాదు. పంపిన ఫైల్లో ఎన్ని వరసలు, చేరిన ఫైల్లో ఎన్ని అని చూసుకునే అలవాటు. అది సిలబస్‌లో కనపడదు, డేటా అటూ ఇటూ పంపే మనిషి పక్కన కూర్చుంటేనే తడుతుంది. దాదాపు ఆ రోజుల్లోనే జన్యువుల పేర్లు ఖరారు చేసే కమిటీ మార్చ్1, సెప్ట్1 లాంటి పేర్లని మార్చేసింది, ఎక్సెల్ వాటిని తేదీలుగా మార్చేస్తోందని! శాస్త్రవేత్తలందరికీ కాలమ్ ఫార్మాట్ నేర్పడం కంటే జన్యువు పేరు మార్చడమే తేలికనిపించిందేమో.

ఈ పద్ధతిలోనూ చిక్కులున్నాయి. నేర్పే మనిషి సొంత పని వెనకబడుతుంది. పైవాళ్లు ఆ గంటల్ని పని కింద లెక్కేయకపోతే రెండో వారానికే ముఖం చాటేస్తారు. తప్పులు కూడా అంటుకుంటాయి. హెడ్డింగ్ అందంగా ఉంటుందని సెల్స్ మెర్జ్ చేసే సీనియర్ దగ్గర నేర్చుకున్నవాళ్లంతా అదే చేస్తారు, తరవాత సార్టింగ్ కుదరక తలలు పట్టుకుంటారు. అన్నిటికంటే పెద్ద జబ్బు మౌస్ లాక్కోవడం. "ఇలా ఇవ్వండి, నేను చేసేస్తా" అని నాలుగు క్లిక్కులు కొట్టి వెళ్లిపోతే పని అవుతుంది, ఎదుటివాళ్లకి ఏమీ రాదు. అందుకే మా దగ్గర ఒకటే షరతు పెట్టాను: మౌస్ నేర్చుకునేవాళ్ల చేతిలోనే ఉండాలి, నేర్పేవాళ్లు వేలితో చూపించాలి అంతే.

ఇప్పుడు కొత్త సాఫ్ట్‌వేర్ వస్తే మొదటిరోజు ఒక పూట క్లాసు పెడతాం. తరవాత రెండు వారాలు ప్రతి సెక్షన్‌లో రోజుకి గంట పక్కన కూర్చోవడం. అక్కడ మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలకి మాత్రం మూడేసి నిమిషాల స్క్రీన్ రికార్డింగులు. చేతిలో టైం తక్కువై ఒక్కటే చెయ్యగలిగితే క్లాసు, వీడియోలు వదిలేసి సీటు పక్కకే వెళ్తాను.

స్టోర్స్ ఆయన తన ఫైల్లో మొదటి షీటు మీద ఎర్ర అక్షరాలతో "ముందు టెక్స్ట్, తరవాతే కోడ్లు" అని రాసుకున్నారు. ఈమధ్య పక్క సెక్షన్ వాళ్లు డౌటొస్తే ఆయన్నే పిలుస్తున్నారు. వెళ్లి ఓపిగ్గా చూపిస్తున్నారు. మౌస్ మాత్రం అప్పుడప్పుడూ లాక్కుంటున్నారని కంప్లైంటు.