5ఎఫ్1 చాంప్ తరహా ట్యూబ్ యాంప్ కిట్: మొదటిసారి చేసేవాళ్లకు ఇదే సరైనది, అయితే కొన్ని పార్టులు మార్చాలి

ట్యూబ్ గిటార్ యాంప్ ఇంట్లో సొంతంగా తయారుచేసుకోవాలనుకునేవాళ్లు ముందు ఏ కిట్ కొనాలి? ఫెండర్ 5ఎఫ్1 చాంప్ సర్క్యూట్ మీద వచ్చే కిట్. 1950ల నాటి డిజైన్ ఇది. మూడే ట్యూబులు (గాజు వాల్వులు): ప్రీయాంప్‌కి, అంటే గిటార్ సిగ్నల్‌ని మొదట పెంచడానికి 12ఏఎక్స్7, స్పీకర్‌ని నడిపే పవర్‌కి 6వీ6జీటీ, ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్‌గా 5వై3జీటీ. ఒక వాల్యూమ్ నాబ్, టోన్ కంట్రోల్ లేదు, సుమారు 5 వాట్లు. బోర్డు మీది రెసిస్టర్లు, కెపాసిటర్లు అన్నీ కలిపినా ఇరవై దాటవు. తప్పు ఎక్కడ జరిగినా మల్టీమీటర్‌తో వెతికి పట్టుకోవచ్చు. పెద్ద కిట్లతో మొదలుపెట్టినవాళ్లకు ఆ సౌకర్యం ఉండదు.

కొనేముందు ట్రాన్స్‌ఫార్మర్ వివరాలు చదవండి. ప్రైమరీ, అంటే మెయిన్స్‌కి తగిలించే వైండింగ్, మీ ఇంటి కరెంటుకి సరిపోవాలి: 120 వోల్టులకు చుట్టినదాన్ని 230కి తగిలిస్తే కాలిపోతుంది. రెండు వోల్టేజీలకూ ట్యాపులు (వైండింగ్ నుంచి బయటికి తీసిన కనెక్షన్లు) ఉన్నవి దొరుకుతాయి, అవే తీసుకోండి. స్పీకర్‌ని నడిపే ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌కి 4, 8 ఓమ్‌ల ట్యాపులు రెండూ ఉంటే స్పీకర్ ఎంపికలో ఇబ్బంది ఉండదు.

సాధారణంగా కిట్లలో ట్రాన్స్‌ఫార్మర్లు, ఛాసిస్ (పార్టులు బిగించే లోహపు పెట్టె) బాగానే ఉంటాయి. ఖర్చు తగ్గించేది చిన్న పార్టుల్లోనే. అన్నిటికన్నా ముందు చూడాల్సింది డీసీని నునుపు చేసే ఫిల్టర్ కెపాసిటర్లు. అసలు సర్క్యూట్‌లో అవి 16, 8, 8 మైక్రోఫారడ్‌లు, 450 వోల్టులవి. 5వై3 ఫిలమెంట్ నేరుగా వేడెక్కే రకం కాబట్టి స్విచ్ వేసిన కొద్ది సెకన్లలోనే పనిలోకి దిగుతుంది. 6వీ6 ఇంకా చల్లగానే ఉంటుంది, కరెంట్ లాగదు. హైవోల్టేజ్ వైండింగ్ ఒక్కో వైపు 325 వోల్టులైతే, ఆ కాసేపు కెపాసిటర్ల మీద 460 దాకా పడుతుంది. స్విచ్ వేసిన ప్రతిసారీ ఇంతే. అందుకే 500 వోల్టులవి వేయాలని గట్టిగా చెబుతాను. మొదటి కెపాసిటర్ విలువ మాత్రం 20 మైక్రోఫారడ్‌లు దాటనివ్వకండి, 5వై3 అంతకంటే భరించదు.

6వీ6 క్యాథోడ్‌కి (ట్యూబులో ఎలక్ట్రాన్లు బయల్దేరే చోటు) వెళ్లే 470 ఓమ్‌ల రెసిస్టర్ 1 వాట్‌ది వస్తే పక్కన పెట్టి 5 వాట్లది వేయండి. దాని మీద మామూలుగానే ముప్పావు వాట్ ఖర్చవుతుంది, 1 వాట్‌ది ఎప్పుడూ కాలుతూనే ఉంటుంది. 12ఏఎక్స్7 ప్లేట్లకు (ఎలక్ట్రాన్లు చేరే చోటు) వెళ్లే 100 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు రెండూ మెటల్ ఫిల్మ్‌వి అయితే సర్రుమనే శబ్దం తగ్గుతుంది. పాత కాలపు కార్బన్ కాంపోజిషన్ రకం చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది కానీ ఆ చోట వద్దు.

ఇక మాన్యువల్. చాలా కిట్లలో లేఅవుట్ బొమ్మ చక్కగా ఉంటుంది, ఏ పిన్ దగ్గర ఎన్ని వోల్టులు రావాలో చెప్పే పట్టిక మాత్రం ఉండదు. ఈ లోటు చిన్నదేం కాదు. కొనేముందు మాన్యువల్ చూపించమని అడగండి, పట్టిక ఉన్న కిట్‌కి కాస్త ఎక్కువ పెట్టినా నష్టం లేదు.

పని మొదలుపెట్టేముందు ప్రతి రెసిస్టర్‌నీ మీటర్‌తో కొలవండి. 100 కిలో ఓమ్‌లకు గోధుమ, నలుపు, పసుపు. 1 మెగా ఓమ్‌కి గోధుమ, నలుపు, ఆకుపచ్చ. పసుపు లైటు కింద ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. సాకెట్ పిన్నులను కింది నుంచి చూస్తూ గడియారం ముల్లు తిరిగే దిశలో లెక్కపెట్టాలి. పైనుంచి లెక్కపెట్టి వైరింగ్ చేస్తే మొత్తం తలకిందులే.

ట్యూబులను వేడిచేసే హీటర్ వైర్లే ముందు వేయండి. 12ఏఎక్స్7కి 4, 5 పిన్నులు కలిపి ఒక వైరు, 9కి రెండోది. 6వీ6కి 2, 7. రెండు వైర్లనూ బిగుతుగా మెలిపెట్టి, ఛాసిస్ మూలకు ఆనించి తీసుకెళ్లాలి. వైండింగ్‌కి సెంటర్ ట్యాప్ లేకపోతే ఒక్కో వైపు నుంచి ఎర్త్‌కి 100 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టాలి. ఇది వదిలేస్తే హమ్ (గుంయ్‌మనే శబ్దం) తప్పదు. 5వై3 ఫిలమెంట్‌కి 5 వోల్టుల వైండింగ్ వేరే ఉంటుంది. హైవోల్టేజ్ డీసీ బయటికి వచ్చేది దాని 8వ పిన్ నుంచే, కాబట్టి ఆ వైండింగ్ ఎక్కడా ఛాసిస్‌కి తగలకూడదు. మెయిన్స్ ఎర్త్ వైరుకి ప్రత్యేకంగా ఒక బోల్టు ఉండాలి, ట్రాన్స్‌ఫార్మర్ బోల్టుకే తగిలించకండి. ఫ్యూజ్ లైవ్ వైరు మీదే.

మొదటిసారి కరెంట్ ఇచ్చేటప్పుడు 60 వాట్ల ఫిలమెంట్ బల్బును మెయిన్స్‌కి సిరీస్‌లో పెట్టండి. ఎల్ఈడీ బల్బు ఇందుకు పనికిరాదు. ట్యూబులు లేకుండా స్విచ్ వేసి హీటర్లకు 6.3, 5వై3 ఫిలమెంట్‌కి 5 వోల్టులు వస్తున్నాయో లేదో చూడండి. లోడ్ లేదు కాబట్టి కొంచెం ఎక్కువే చూపిస్తుంది. తర్వాత స్పీకర్ తగిలించి మూడు ట్యూబులూ ఒకేసారి పెట్టండి. 5వై3 ఒక్కదాన్నే పెట్టి చూడొద్దు. పైన చెప్పిన 460 వోల్టులు అలాగే నిలిచిపోతాయి. బల్బు ఒక్కసారి వెలిగి మందగించాలి. వెలుగు తగ్గకపోతే ఎక్కడో షార్ట్ ఉన్నట్టే, వెంటనే ఆపేయండి.

ఆపిన తర్వాత కూడా కెపాసిటర్లలో ప్రాణం తీసేంత వోల్టేజ్ ఉంటుంది. 10 కిలో ఓమ్‌లు, 5 వాట్ల రెసిస్టర్‌ని క్లిప్పులతో మొదటి కెపాసిటర్ పాజిటివ్‌కీ ఛాసిస్‌కీ మధ్య పెట్టి, మీటర్‌తో సున్నా దగ్గరికి వచ్చిందని చూసుకున్నాకే చేయి పెట్టాలి. ఇది ప్రతిసారీ చేయాల్సిందే.

అన్నీ బాగుంటే బల్బు తీసేసి 6వీ6 క్యాథోడ్, అంటే 8వ పిన్ దగ్గర కొలవండి. 19 వోల్టులు వచ్చిందనుకుందాం. 470తో భాగిస్తే 40 మిల్లీ ఆంపియర్లు. అందులో స్క్రీన్ (ట్యూబు లోపలి రెండో గ్రిడ్) వాటా 2 తీసేస్తే ప్లేట్‌కి 38. ప్లేట్‌కీ క్యాథోడ్‌కీ మధ్య 300 వోల్టులుంటే 11.4 వాట్లు. 6వీ6జీటీ పరిమితి పాత డేటాషీట్‌లో 12, తర్వాతి వాటిలో 14, కాబట్టి ఫర్వాలేదు. లెక్క 14 దాటితే 470 బదులు 560 లేదా 680 ఓమ్‌లు వేసి మళ్లీ కొలవండి. సిగ్నల్ అందుకునే గ్రిడ్, అంటే 5వ పిన్ దగ్గర డీసీ సున్నా ఉండాలి. అక్కడ పాజిటివ్ వోల్టేజ్ కనిపిస్తే ముందున్న 0.02 మైక్రోఫారడ్ కప్లింగ్ కెపాసిటర్ (సిగ్నల్‌ని పంపి డీసీని ఆపేది) లీకవుతోందేమో చూడండి. ప్లేటు ఎర్రబడటానికి అది మామూలు కారణం.

మొదటిసారి ఆన్ చేయగానే చెవులు పగిలేలా కూత వచ్చిందంటే కంగారు పడకండి. స్పీకర్ నుంచి 22 కిలో ఓమ్‌ల మీదుగా వెనక్కి వచ్చే ఫీడ్‌బ్యాక్ ఎదురు ఫేజ్‌లో ఉందన్నమాట. ఆ రెసిస్టర్ ఒక కొస విప్పితే కూత ఆగుతుంది. అప్పుడు ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమరీ వైర్లు రెండూ అటుదిటు ఇటుదటు మార్చి, విప్పిన కొస తిరిగి అతకాలి. సరిగ్గా ఉన్నప్పుడు ఆ రెసిస్టర్ కలిపితే శబ్దం తగ్గాలి.

శబ్దం సంగతికొస్తే, సింగిల్ కాయిల్ పికప్‌లతో నాబ్ సగం దాకా శుభ్రంగా మోగి, ఆ పైన మెల్లగా చిట్లడం మొదలవుతుంది. హంబకర్లతో, అంటే రెండు కాయిల్స్ పికప్‌లతో, ఇంకాస్త ముందే. గట్టిగా మీటితే ఓవర్‌డ్రైవ్ (ఆ చిట్లిన శబ్దం), వేళ్లు మెత్తబరిస్తే మళ్లీ క్లీన్. ఆ స్పందన కోసమే దీన్ని కొనాలి. డ్రమ్స్ పక్కన క్లీన్ టోన్ కావాలంటే ఇది చాలదు. అలాగని 5 వాట్లే కదా అని అర్ధరాత్రి వాయించేంత మెత్తనిదీ కాదు. కిట్‌తో వచ్చే 8 అంగుళాల స్పీకర్‌లో బేస్ పలచగా ఉంటుంది. అదే యాంప్‌ని 12 అంగుళాల క్యాబినెట్‌కి, సరైన ఓమ్‌ల ట్యాప్ మీద కలిపి చూడండి. కిట్ మీద ఇంకో పైసా పెట్టాలనిపిస్తే ముందు స్పీకర్ మీదే పెట్టండి.