అవతార్, డిస్ట్రిక్ట్ 9, స్టార్‌షిప్ ట్రూపర్స్: ఎవరు గట్టిగా చెప్పారు?

2009లో నాలుగు నెలల తేడాతో రెండు సినిమాలు వచ్చాయి. రెండింటిలోనూ గ్రహాంతరవాసులే బాధితులు, దోచుకునేది మనుషులు. ఆగస్టులో నీల్ బ్లోంకాంప్ ‘డిస్ట్రిక్ట్ 9’, డిసెంబరులో జేమ్స్ కామెరాన్ ‘అవతార్’. వలస పాలన ఎలా నడుస్తుందో ఏది బాగా చూపించిందంటే నా ఓటు ‘డిస్ట్రిక్ట్ 9’కే.

అలాగని ‘అవతార్’ని తీసిపారేయలేం. పండోరా అనే పరాయి లోకంలో కిలో 2 కోట్ల డాలర్లు పలికే ఖనిజం ఉంది. దాని మీదే అక్కడి వాసులైన నావీలు కాపురముండే మహావృక్షం. తవ్వడానికి కంపెనీ, కొట్టడానికి కంపెనీ ఉప్పు తినే సైన్యం. టెర్రర్‌ని టెర్రర్‌తోనే ఎదుర్కొంటామని కల్నల్ అంటుంటే ఇరాక్ యుద్ధం రోజుల ప్రసంగాలు గుర్తొస్తాయి. చెట్టు కూలాక బూడిద రాలే సీను ఇప్పటికీ గుండె బరువెక్కిస్తుంది. చిక్కల్లా జేక్ దగ్గరే. నిన్నగాక మొన్న వచ్చిన పరాయి సైనికుడు నావీల్లో ఎవరికీ చేతకానిది చేసి, వాళ్లకే నాయకుడవుతాడు. మనం జేక్ పక్షాన కూర్చుని, ఏ మచ్చా అంటకుండా హాల్లోంచి బయటికొచ్చేస్తాం.

వికస్ పక్కన కూర్చుంటే ఆ సుఖం ఉండదు. ‘డిస్ట్రిక్ట్ 9’లో అతనో గుమాస్తా. జోహన్నెస్‌బర్గ్ మురికివాడలో గుడిసె గుడిసెకీ తిరిగి, ఖాళీ చేయడానికి ఒప్పుకున్నట్టు గ్రహాంతరవాసుల చేత సంతకాలు పెట్టిస్తుంటాడు. ఒకడు విసుగొచ్చి కాగితాన్ని చేత్తో కొడితే, ఆ గీతనే సంతకం కింద జమ కట్టేస్తాడు! గుడ్లున్న గుడిసెకి నిప్పంటించి, ఆ చిటపటలు పాప్‌కార్న్ వేగుతున్నట్టు లేవూ అని కెమెరా ముందు నవ్వుతాడు. అతను రాక్షసుడేం కాదు, ప్రమోషన్ వచ్చిందన్న హుషారులో ఉన్న మామూలు మనిషి. సినిమా పేరు వెనక కేప్‌టౌన్‌లోని డిస్ట్రిక్ట్ సిక్స్ ఉంది. 1966లో దాన్ని తెల్లవాళ్ల ప్రాంతంగా ప్రకటించి, ఆ తర్వాతి ఏళ్లలో 60,000 మందికి పైగా జనాన్ని ఖాళీ చేయించారు. అక్కడా పని నడిచింది చట్టం, నోటీసులతోనే.

దీనికీ ఓ పెద్ద మచ్చ ఉంది. నైజీరియన్లని గూండాలుగా, గ్రహాంతరవాసుల మాంసం తినేవాళ్లుగా చూపించారు. పరాయివాళ్లని పురుగుల్లా చూడటం తప్పని చెప్పే సినిమా అదే తప్పు చేయడం ఏమిటో!

ఇక యుద్ధం సంగతికొస్తే ఈ రెండూ కాదు, 1997 నాటి ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’. మనుషులకీ, వేరే గ్రహాల మీది రాక్షస పురుగులకీ జరిగే యుద్ధమే దాని కథ. దర్శకుడు పాల్ వెర్‌హోవెన్ చిన్నతనం నాజీల ఆక్రమణలో ఉన్న నెదర్లాండ్స్‌లో గడిచింది. అందుకే కాబోలు, సినిమా మొత్తాన్ని సైన్యంలో చేరండని పిలిచే ప్రకటనలాగే తీశాడు. అందమైన ముఖాలు, మెరిసే యూనిఫాంలు. పిల్లలు రోడ్డు మీద బొద్దింకల్ని తొక్కుతుంటే వెనకాల ఒకావిడ చప్పట్లు కొడుతుంటుంది. పురుగుల ప్రాంతంలో మనుషులే ముందుగా స్థావరం పెట్టిన సంగతి వార్తల్లో అలా వచ్చి పోతుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. వచ్చిన కొత్తలో చాలామంది విమర్శకులు ఆ వెటకారం పట్టుకోలేక నిజంగానే యుద్ధాన్ని పొగిడే సినిమా అనుకున్నారు.

చివర్లో బంధించిన పెద్ద పురుగు మీద చెయ్యి పెట్టి, ‘ఇది భయపడుతోంది’ అంటాడు నల్లకోటు అధికారి. సైనికులంతా కేరింతలు కొడతారు. మొదటిసారి చూసినప్పుడు వాళ్లతో పాటు నేనూ నవ్వాను.