ముంబై అమెరికా కాన్సులేట్‌లో భార్యాభర్తల వలస వీసా ఇంటర్వ్యూ: నా అనుభవం

హైదరాబాద్‌లోనే అమెరికా కాన్సులేట్ ఉన్నప్పటికీ, అమెరికా పౌరుడైన మా వారి దగ్గరకు వెళ్లడానికి నాకు కావలసిన సీఆర్-1 వలస వీసా ఇంటర్వ్యూ కోసం ముంబైలోని బాంద్రా-కుర్లా కాంప్లెక్స్‌లో ఉన్న కాన్సులేట్‌కు ప్రయాణం చేయవలసి వచ్చింది. వైద్య పరీక్షలు కాన్సులేట్ గుర్తించిన వైద్యుల వద్దే చేయించుకోవాలి; వాటిని ముంబైలోనే చేయించుకునేవారైతే, నాలుగైదు రోజులు అక్కడ ఉండేలా వెళ్లడం మంచిది.

లోపలి ఏర్పాట్లు నాకు ఎంతో క్రమబద్ధంగా కనిపించాయి. ముందు ఒక కిటికీ వద్ద అసలు పత్రాలు పరిశీలించారు; ఆ తర్వాత అధికారి నా చేత కుడిచేయి ఎత్తించి ప్రమాణం చేయించి, మా పరిచయం ఎలా జరిగింది, పెళ్లికి ఎవరెవరు వచ్చారు, ఆయన ఏ ఉద్యోగం చేస్తున్నారు అని మర్యాదగా, తొందరపెట్టకుండా అడిగారు. మనసులో ఎంత బెరుకు ఉన్నా, మన జీవితం గురించి మనమే చెప్పే నిజానికి బట్టీ పట్టవలసిన అవసరం లేదని నాకు అప్పుడే అర్థమైంది.

నన్ను బాధపెట్టింది మా ఊరి కన్సల్టెంట్ ఒకరు. గుడిలో ఇచ్చిన పెళ్లి రసీదు సరిపోతుందని ఆయన ధీమాగా చెప్పారు. నిజానికి రిజిస్ట్రార్ ఇచ్చిన వివాహ ధ్రువపత్రం తప్పనిసరి. దానికోసం చివరి నిమిషంలో మా నాన్నగారు పడిన తిప్పలు నేను మరచిపోలేను. పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్‌ను, మా వారు సంతకం చేసిన ఐ-864 ఆర్థిక హామీ పత్రాన్ని, ఆయన పన్ను పత్రాలను కూడా ముందే సిద్ధం చేసుకోండి. వీసా ముద్రించిన పాస్‌పోర్టు చేతికి అందేవరకు విమాన టికెట్టు మాత్రం కొనవద్దు.